పై మలుపులో కరెంటు

ఇలా రండి. ఆ గుమ్మం దగ్గర నిలబడితే గాలి నా మాటల్ని అటే పట్టుకుపోతుంది. నా పక్కకు జరిగి కాళ్ళు ముడుచుకుని కూర్చోండి. చేపల కథ చెబుతాను గానీ జోకొట్టే కథ అనుకునేరు. ఇందులో ఎముకలు విరుగుతాయి, నెత్తురు నీళ్ళలో కలుస్తుంది. గుండె గట్టిగా లేనివాళ్ళు ఇప్పుడే లేవండి. సగంలో లేస్తే మాత్రం ఊరుకోను.

ఒక అడవి, ఆ అడవిలోంచి దిగే ఒక వాగు. వాగుకు మూడు మలుపులు. కింది మలుపు దగ్గర రెండు గట్ల మీదా చెట్లన్నీ నరికేశారు. నడిమి మలుపు దగ్గర నీళ్ళ అంచున ఒక వరస వదిలి వెనకవన్నీ కొట్టేశారు. పై మలుపును మాత్రం ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా నీళ్ళు నల్లగా, దోసిట్లో పట్టి తాగితే పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉండేవి. అడవిని చెదరగొడితే నీళ్ళలో బతికే ప్రాణులకు ఏమవుతుందో తేల్చాలని ఒక పరిశోధకురాలు వచ్చి, ఈ మూడు మలుపుల్నీ పక్కపక్కన పెట్టి తూచి చూస్తోంది. అందరూ ఆవిడను నీళ్ళ మేడం అనేవారు. ఆవిడ దగ్గర పనిచేసే మనిషిదే ఈ కథ. ఇంట్లో ఆమె పెద్దకోడలు. వాగులో మాత్రం కరెంటమ్మ.

ఆ పేరు ఊరికే రాలేదు. చంకలదాకా వచ్చే రబ్బరు బూట్లు తొడిగి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, వీపుకు బ్యాటరీ పెట్టె కట్టుకుని ఆమె వాగులోకి దిగేది. చేతిలో పొడుగాటి కర్ర, కర్ర చివర ఇనుప వలయం, పిడి దగ్గర ఒక మీట. మీట నొక్కి ఉంచినంతసేపే నీళ్ళలోకి కరెంటు పోతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. అది తగిలిన చేప చావదు. ఒళ్ళంతా బిగుసుకుని, తెల్లటి పొట్ట పైకి తిప్పి తేలుతుంది. వెనకనుంచి వలతాత చేతివలతో దాన్ని తీసి బాల్చీలో వేస్తాడు. మేడం దాని జాతి చూసి, పొడుగు కొలిచి, తెలివి వచ్చాక మళ్ళీ వాగులో వదులుతుంది. ఈలోగా చేపలు పారిపోకుండా మలుపుకు పైనొకటి కిందొకటి అడ్డువలలు కట్టి ఉంటాయి.

"ఒళ్ళు తెలీకుండా కొట్టి, కొలిచి, ఇక పోమ్మా అంటాం," అన్నాడు ఆ ఉదయం వలతాత, బాల్చీలో తేరుకుంటున్న చేపను చూస్తూ. "నా పెళ్ళిచూపుల్లో కూడా ఇంత అన్యాయం జరగలేదు."

"నీ పెళ్ళిచూపుల్లో షాకు కొట్టింది నీకా తాతా, అవ్వకా?" అంది కరెంటమ్మ.

"నాకే. ఇంకా తేరుకుంటేగా!"

మేడం నవ్వలేదు. ఆవిడ కళ్ళు గట్టు మీదే ఉన్నాయి. అది పై మలుపులో ఆఖరి సర్వే. అది పూర్తయి ఆవిడ నివేదిక అటవీ ఆఫీసుకు చేరితే, ఆ గట్టు నరకనివ్వాలో వద్దో అధికారి తేలుస్తాడు. వానలు పడేలోపు చేరకపోతే కలప కంట్రాక్టరుకు అడ్డు చెప్పేవాళ్ళు ఉండరు. పై మలుపే లేకపోతే తక్కెడలో ఒక పళ్ళెం ఊడిపోయినట్టు. చెడిన నీళ్ళు ఎంత చెడ్డాయో చెప్పాలంటే చెడని నీళ్ళు ఒక్కచోటైనా ఉండాలి కదా! అందుకని ఇటు వీళ్ళకు తొందర, అటు వాళ్ళకు తొందర.

గట్టు పైన, హద్దురాళ్ళకు అవతల రంపాలు నడుస్తున్నాయి. కోతవాళ్ళ మేస్త్రీ కరెంటమ్మకు స్వయానా మరిది. చెట్టు ఒరిగే ముందు మేస్త్రీ "పడుతోందీ!" అని కేకెయ్యాలి, కింద ఉన్నవాళ్ళు తప్పుకోవాలి. అది ఆ పనికి పుట్టుకతో వచ్చిన కట్టుబాటు. ఆ రోజు చెట్టు ముందు వచ్చింది, కేక తర్వాత వచ్చింది.

ఆకాశం ఒక పక్కనుంచి చిరిగినట్టయింది. మాను కొమ్మలతో సహా పైన కట్టిన అడ్డువల మీద కూలింది. నీళ్ళు గోడలా లేచి ముగ్గుర్నీ వెనక్కి విసిరికొట్టాయి. పగిలిన రాతిముక్కలు చెవుల పక్కనుంచి ఎగిరిపోయాయి. కరెంటమ్మ వేలు తనంతట తానే మీట మీదనుంచి లేచింది. ఆ పనిలో అందరికంటే ముందు నేర్చుకునేది అదే. ఆమె కళ్ళు తుడుచుకుని చూసేసరికి వలతాత నడుములోతు బురదలో కూర్చుని చెవి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు మోచేతిదాకా కారుతోంది. చెవి కొస కొమ్మతో పాటు పోయింది.

"ఏం ఫర్వాలేదు," అన్నాడు పళ్ళు బిగించి. "మా ముసల్ది తిట్టేది ఇక సగమే వినబడుతుంది."

మాను కింద గట్టు విరిగి ఎర్రమట్టి జారుతోంది. ఆ మట్టి నల్లటి నీళ్ళలో కలిసి, మెల్లమెల్లగా మలుపంతా కమ్ముకుంది. మేడం బురదలో చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు గులకరాళ్ళు తీసింది. వాటికి అంటుకుని ఆవగింజలంత గుడ్లు. వేళ్ళతో కడిగింది. కడుగుతుంటే మళ్ళీ బురద అంటుకుంది. "ఇవి ఊపిరాడక చస్తాయి," అంది ఎవరితోనో అన్నట్టు, రాళ్ళను తిరిగి నీళ్ళలో పెడుతూ.

కరెంటమ్మ తలెత్తింది. గట్టు మీద మరిది రంపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి పక్కన కంట్రాక్టరు మేనేజరు, నలగని చొక్కాతో.

"ఏరా, కేక గొంతులో ఇరుక్కుందా?" అని అరిచింది.

మరిది చేతిలోని రంపం వైపు చూశాడు. మేనేజరే అన్నాడు: "గాలి తిప్పిందమ్మా. గాలికి మనం ఏం చెబుతాం!"

ఆకు కూడా కదలడం లేదు.

*

సాయంత్రం ఇంట్లో అత్త వడ్డిస్తోంది. పెద్దకొడుకు దుంగల లారీ తోలుకుని పోయి ఇంకా రాలేదు. ఆ ఇంటి తిండి సగం నరికిన చెట్లనుంచి, సగం నరకొద్దన్న పరిశోధన నుంచి వచ్చేది. అత్త ఆ రెంటినీ ఒకే గరిటెతో వడ్డించేది, ఎవరినీ ఏమీ అనేది కాదు. ఆ రోజు మాత్రం ఇద్దరి మొహాలూ చూసి గరిటె కింద పెట్టేసింది.

"తాత చెవి తెగింది," అంది కోడలు.

"విన్నా," అన్నాడు మరిది, కంచంలోకి చూస్తూ.

"తల తెగుంటే కూడా విన్నా అనేవాడివి."

"కొంచెం ఆలోచించి మాట్లాడు వదినా. నేనేమన్నా కావాలని..."

"కేక ఎవరెయ్యాలి? మీ మేనేజరు చొక్కా వేస్తుందా కేక?"

వాడు కంచాన్ని ముందుకు తోశాడు. అది గోడకు తగిలి తిరగబడింది. "మీ చేపల మూలంగా నా పనివాళ్ళంతా చేతులు ముడుచుకు కూర్చున్నారు. నరికిన మలుపులోనే చేపలు ఎక్కువున్నాయని మీ మేడమే చెప్పిందంట కదా! ఎండ తగిలి పాచి పెరిగి, అది తిని చేపలు పెరిగాయంట. మరి ఇంకేంటి మీ ఏడుపు?"

"పెరిగాయి. అన్నీ ఒకటే జాతి. ఊరంతా ఖాళీ చేయించి ఒక్క కొంపలో వాళ్ళే పిల్లల్ని కంటుంటే, ఊళ్ళో జనం పెరిగారంటావా? నీడ కావాల్సినవి పోయాయి, రాళ్ళ కింద బతికేవి పోయాయి, వాటిని తినేవి పోయాయి. మిగిలింది బురదలో దొర్లే జాతి."

"అంటే మేమా?"

"నేను చేపల గురించి చెబుతున్నా. నీకెక్కడ తగిలిందో నాకేం తెలుసు!"

వాడు లేచిన ఊపుకు పీట ఎగిరి పడింది. చెయ్యి ఎత్తాడు. కోడలు కదల్లేదు. అత్త మధ్యలోకి వచ్చి కొడుకు ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నెట్టింది. "ఇంట్లో ఆడదాని మీద చెయ్యెత్తితే నువ్వు నా కడుపున పుట్టలేదనుకుంటా!"

వాడి చెయ్యి గోడను గుద్దింది. వేళ్ళ కణుపులు చిట్లాయి. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, వీపు ఇటు పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు: "రేపు మాత్రం పనికి పోకు వదినా."

"పోతే?"

"పోకు అన్నా. అంతే."

ఆమె చెవికి అది బెదిరింపులాగే వినబడింది. ఎవరికైనా అలాగే వినబడుతుంది లెండి.

*

ఆమె వెళ్ళింది. తెగిన అడ్డువల స్థానంలో కొత్తది కట్టారు. వలతాత తలకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. "కుట్లు పడింది చెవికి, కాళ్ళకు కాదుగా," అన్నాడు. బురద సగం తేరుకుంది. కరెంటమ్మ కింది వల దగ్గర మొదలుపెట్టి పైకి నడుస్తూ, నొక్కుతూ, వదులుతూ, తేలినవాటిని తాతకు చూపిస్తోంది. మేడం గట్టున బాల్చీల దగ్గర కూర్చుని చేపల్ని తడిచేత్తో పట్టుకుని కొలుస్తోంది. చారలచేప ఒకటి, నోటి కింద మీసాలున్నది ఒకటి, రాయిని కరుచుకునేది ఒకటి. ఎన్ని రకాలు! ఆవిడ మొహం చాలా రోజుల తర్వాత విచ్చుకుంది.

అంతలో చెట్ల మధ్యనుంచి కొందరు దిగారు. కోతవాళ్ళు కారు, కంట్రాక్టరు తెప్పించిన కర్రలవాళ్ళు. దుంగల్ని దొర్లించే కొక్కెం కర్రలు కొందరి చేతుల్లో ఉన్నాయి. మాట లేదు, తిట్టు లేదు. ముందున్నవాడు బాల్చీని కాలితో తన్నాడు. చేపలు రాళ్ళ మీద పడి ఎగిరెగిరి పడుతున్నాయి. వాటి మీద బూట్లు పడ్డాయి. ఆ చప్పుడు కరెంటమ్మ తర్వాత చాలాకాలం మరిచిపోలేకపోయింది. పండు మీద కాలేసినట్టు ఉండేదంట.

"ఆపండి! ఇది సర్కారు అనుమతి ఉన్న..." అంటూ మేడం లేచి చెయ్యి అడ్డం పెట్టింది. కర్ర ఆ చేతి మీదే పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు వినబడింది. ఆవిడ అరవను కూడా అరవలేదు. వేలాడుతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, మోకాళ్ళ మీద కూలబడి, అది తనది కానట్టు చూసింది. వలతాత చేతివల తిప్పి ఒకడి మొహం మీద కొట్టాడు. బదులుగా నోటి మీద దెబ్బ తిని, పళ్ళు ఉమ్ముతూ నీళ్ళ అంచున రాళ్ళ మీద పడ్డాడు.

ఇద్దరు బండ మీదికెక్కి కొక్కెం కర్రలు చాచి కరెంటమ్మను పొడవడం మొదలుపెట్టారు. వెనక బ్యాటరీ పెట్టె, కాళ్ళకు బరువు బూట్లు. ఒక పోటు భుజానికి తగిలింది, ఒకటి పక్కటెముకలకి. ఒక్కో పోటుకు ఒక్కో అడుగు వెనక్కి, కింది వల వైపు జారుతోంది. బూట్లలోకి నీళ్ళు నిండితే ఇక పైకి లేవడం కుదరదు. ఆ సంగతి వాళ్ళకీ తెలిసినట్టుంది, నవ్వుతున్నారు.

అప్పుడు గట్టు మీదనుంచి మరిది దూకాడు. చేతిలో గొడ్డలి. పంచె పైకి కట్టి, వట్టి కాళ్ళతో, నీళ్ళు చీల్చుకుంటూ ఆమె వైపే వస్తున్నాడు. ఏదో అరుస్తున్నాడు, నీటి హోరులో మాట అందడం లేదు. గొడ్డలి పైకి లేచింది. దాని అంచు మీద ఎండ తళుక్కుమంది.

ఆమె కర్ర వాడి వైపు తిప్పి మీట నొక్కింది.

వాడు నిలువునా కొయ్యబారాడు. గొడ్డలి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. తర్వాత మాను కూలినట్టు బోర్లా పడ్డాడు. నుదురు రాయికి తగిలింది, మొహం నీళ్ళలో మునిగింది, చుట్టూ ఎర్రగా విచ్చుకుంది. బండ మీద నవ్వు ఆగిపోయింది. కొక్కెం కర్రలు వెనక్కిపోయాయి. కర్రలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ముందు నడిచి, తర్వాత పరుగెత్తారు.

"వేలు తియ్యి! కరెంటమ్మా, వేలు తియ్యి!" అని మేడం గట్టునుంచి కేకలేస్తోంది.

ఆమెకు వినబడింది. వినబడుతూనే ఉంది. వాడి వీపు నీళ్ళ మీద బిగుసుకుని కనబడుతోంది, చుట్టూ చిన్న చిన్న చేపలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. తిరగబడ్డ కంచం, తాత చెవి, మేడం చెయ్యి, ఇవన్నీ ఆ వేలి కొసకు వచ్చి కూర్చున్నాయి. ఇంకాసేపు ఉంచింది.

తర్వాత తీసింది. కర్ర విసిరేసి, వాణ్ణి జుట్టు పట్టి లేపి, గట్టుకు ఈడ్చి, బోర్లా వేసి వీపు మీద గుద్దింది. చాలాసేపటికి వాడు నీళ్ళు కక్కి, దగ్గి, పసిపిల్లాడిలా శోష వచ్చేలా ఏడ్చాడు.

*

ఆస్పత్రి వరండాలో అత్త కోడల్ని చూసింది. దగ్గరికి వచ్చి చెంప మీద ఒక్కటిచ్చింది. ఎడంచెయ్యి, కుడిచెయ్యి అని చూడకుండా ఇంకొకటి ఇచ్చింది. "చేపని వదులుతావు గదే," అంది. "చేపని కూడా వదులుతావు గదే నువ్వు!"

కోడలు చెంప తడుముకోలేదు. ఆ మాట దెబ్బకంటే లోతుగా దిగింది.

మర్నాడు మొగుడు లారీ దిగి నేరుగా వచ్చాడు. తమ్ముణ్ణి చూశాడు. నుదుట కుట్లు, కుడిచెయ్యి ఆగకుండా వణుకుతోంది. ఆ తర్వాత బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన కూర్చోమని ఆమెకు సైగ చేశాడు.

"మేనేజరు ఇంటికొచ్చాడే. కేసూ గీసూ వద్దంటున్నాడు. తమ్ముడు వల కట్టడానికి సాయం చెయ్యబోయి కాలు జారాడు. మేడం కూడా రాళ్ళ మీద జారింది. తాతకి పళ్ళు ఎలాగూ ఊడేవే. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, ఎవరూ ఏదీ నొక్కలేదు. ఎల్లుండి అధికారి ముందు అందరూ ఇదే చెబితే, నువ్వు జైలుకి పోవు, వీడి పని పోదు, నా లారీ ఆగదు."

"మరి పై మలుపో?"

"ఏ మలుపే? ఇల్లు కూలుతుంటే మలుపంటావేంటి!"

"తమ్ముడేమన్నాడు?"

"సరే అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు."

కరెంటమ్మ మేడం దగ్గరికి వెళ్ళింది. చేతికి కట్టు, కళ్ళ కింద నలుపు. ఆవిడ కూడా ఆ మాటే అంది, ఇంకా మెత్తగా. "మీట ఇరుక్కుపోయిందని చెబుతాను. నువ్వు కావాలని నొక్కావని బయటికొస్తే హత్యాయత్నం అంటారు. నా పరిశోధనకి ఇంకో వాగు వెతుక్కుంటానమ్మా. నీకు ఇంకో జీవితం ఎక్కడ వెతికేది?"

ఆవిడ అబద్ధమాడటం ఎన్నడూ చూడలేదు కరెంటమ్మ. చేప పొడుగు గింజంత తేడా వచ్చినా మళ్ళీ కొలిచే మనిషి. అలాంటావిడ తన కోసం నాలుక మడతపెట్టడానికి సిద్ధపడింది. అది చూసి ఆమెకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎవరూ నొక్కలేదంటే ఎవరూ కొట్టలేదు. ఎవరూ కొట్టలేదంటే సర్వేకి అడ్డం ఎవరూ రాలేదు. అడ్డం రాకపోతే గట్టు నరకడానికీ అడ్డం లేదు. అన్నీ ఒకే ముడికి కట్టారు. తన ఒక్క వేలిని దాచాలంటే ఆ కర్రలన్నిటినీ దాచాలి.

ఆ రెండు రోజులూ ఆమె ముద్ద మింగలేదు. కుడిచేతి చూపుడువేలును చీర కొంగులో చుట్టుకుని కూర్చునేది, ఎవరైనా చూస్తారేమోనన్నట్టు.

*

అటవీ ఆఫీసు గది చిన్నది. పంకా తిరుగుతుంటే బల్ల మీద కాగితాలు లేవకుండా అధికారి వాటి మీద బరువుగా ఒక రాయి పెట్టాడు. ఒక పక్క మేనేజరు. ఇంకో పక్క మేడం, నోరు వాచిన వలతాత. వెనక బెంచీ మీద అత్త, మొగుడు, మధ్యలో దుప్పటి కప్పుకున్న మరిది. ఎవరి కళ్ళూ ఎవరి కళ్ళనూ కలుసుకోవడం లేదు.

మేనేజరు చెప్పాడు. జారుడు, పాచి, దురదృష్టం. అధికారి మేడం వైపు చూశాడు. మేడం తల వంచుకుని, "మీట ఇరుక్కుంది," అంది, ఎవరికీ వినబడనంత చిన్నగా.

"ఇరుక్కోలేదు," అంది కరెంటమ్మ.

మొగుడు బెంచీ మీదనుంచి సగం లేచాడు. "ఏమే..."

"ఇరుక్కోలేదు సార్. నేనే నొక్కాను. ఈయన మనుషులు కర్రలతో వచ్చారు. మేడం చెయ్యి విరగ్గొట్టారు, తాత పళ్ళు రాలగొట్టారు, నన్ను కొక్కేలతో పొడిచారు. మా మరిది గొడ్డలి పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. నన్ను నరకడానికే అనుకున్నాను. నొక్కాను. మేడం తియ్యమని అరిచింది. నాకు వినబడింది. వాడు పడ్డాక కూడా తియ్యలేదు."

మేనేజరు నవ్వడానికి ప్రయత్నించాడు. "సార్, ఆవిడకి మతి చలించింది. ఉద్యోగం పోతుందని..."

"మీరుండండి," అన్నాడు అధికారి. బెంచీ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. కాలు జారిందా, గొడ్డలితో దిగావా?"

మరిది నేల చూశాడు. వణికే చేతిని రెండో చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"గొడ్డలితోనే దిగాను."

"మీ వదిన్ని కొట్టడానికా?"

"కాదు సార్!" వాడు తలెత్తాడు. "వల కొయ్యడానికి."

"వల ఎందుకు కొయ్యాలి?"

వాడు మేనేజరు వైపు ఒకసారి, గోడ వైపు ఒకసారి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ గదిలో తనకంటే చిన్నవాళ్ళెవరూ లేనట్టు సిగ్గుపడ్డాడు.

"కరెంటు వలలో ఉంటుందనుకున్నా సార్. వదిన కట్టే అడ్డువలల్లో. చేపలు దాని దగ్గరే తేలుతుంటాయి కదా, కంచెలో కరెంటు పెట్టినట్టు వలలో పెడతారనుకున్నా. వీళ్ళు వదిన్ని ఆ వల మీదికి తోస్తున్నారు. దాని మీద పడితే మసైపోతుందని... తాళ్ళు తెంపేస్తే వల కొట్టుకుపోతుంది కదా అని... గొడ్డలి పిడి కొయ్యదేలే, నాకేం కాదులే అనుకున్నా. జరుగు వదినా, జరుగు అని అరిచా. వినబడలేదేమో."

కరెంటమ్మ చూపుడువేలును మళ్ళీ కొంగులో చుట్టుకుంది.

"వీళ్ళు వస్తారని నీకు ముందే తెలుసా?" అన్నాడు అధికారి.

"తెలుసు సార్. చెట్టు కూడా గాలికి పడలేదు. కేక ఆలస్యంగా వెయ్యమన్నారు, వేశాను." మేనేజరు కుర్చీ కిర్రుమంది. వాడు అటు చూడలేదు. "వదిన్ని పోకు అని చెప్పా. ఇంతకంటే చెబితే పని పోతుందని చెప్పలేదు."

అధికారి చాలాసేపు రాశాడు. విచారణ తేలేదాకా పై మలుపు గట్టు మీద రంపం పెట్టకూడదన్నాడు. కర్రలవాళ్ళ పేర్లు పోలీసులకు పంపుతానన్నాడు. కరెంటమ్మ మీద కూడా కేసు నడుస్తుందన్నాడు, బ్యాటరీ పెట్టె ఇక ఆమె ముట్టుకోకూడదన్నాడు. మేస్త్రీకి పని ఉందో లేదో ఆయన చెప్పలేదు. అది మేనేజరు మొహంలోనే రాసి ఉంది.

మేడం బయటికొచ్చి బాగున్న చేత్తో కరెంటమ్మ భుజం నొక్కి వెళ్ళిపోయింది. వలతాత వాచిన నోటితో ఏదో జోకు వేశాడు. ఎవరికీ అర్థం కాలేదు, అర్థమైనా ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

అత్తనూ మొగుణ్ణీ ముందు నడవనిచ్చి, రోడ్డు పక్క టీబడ్డీ దగ్గర వదినా మరిదీ మిగిలారు. బల్ల మీద చెరో కొసన కూర్చున్నారు.

"ఆస్పత్రిలోనే ఎందుకు చెప్పలేదురా?" అంది ఆమె.

"ఏం చెప్పను? కరెంటు వలలో ఉండదని తాత చెప్పాడు, పక్కమంచం మీదే ఉన్నాడుగా. ఇన్నేళ్ళు మిషను రంపం పట్టినోణ్ణి, కరెంటు ఎక్కడుంటుందో తెలీక నీళ్ళలోకి దూకానంటే నవ్వరా నలుగురూ? నువ్వే ముందు నవ్వుతావు." ఆమె వైపు తిరిగి అన్నాడు: "నేను నిన్ను నరుకుతానని ఎలా అనుకున్నావు వదినా?"

చెయ్యి ఎత్తావుగా, గోడను గుద్దావుగా అనొచ్చు. అనలేదు.

టీ వచ్చింది. వాడు గ్లాసు ఎత్తబోయాడు. చెయ్యి వణికి వేడి టీ వేళ్ళ మీద ఒలికింది. ఇంకో చేత్తో ప్రయత్నించాడు. అలవాటు లేని చెయ్యి, అటూ ఒలికింది. బడ్డీవాడు చూస్తున్నాడు. మరిది గ్లాసు కింద పెట్టేసి, నాకొద్దులే అన్నాడు.

ఆమె బల్ల మీద ఇటు జరిగింది. గ్లాసు తీసుకుని, ఊది, చల్లార్చి, వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు మొహం తిప్పుకున్నాడు. ఆమె చెయ్యి తియ్యలేదు. కొంతసేపటికి వాడు వంగి ఒక గుక్క తాగాడు. తర్వాత ఇంకొకటి.

"మెల్లగా," అంది.

అంతే. గట్టు మీద చెట్లు ఎంతకాలం నిలిచాయి, ఆ కేసు ఎటుపోయింది, అవన్నీ అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. మీరూ రేపు ఎవరికో ఒకరికి చెబుతారు, చెప్పాలి కూడా. నోట్లో దాచుకుంటే మాట పాచిపడుతుంది. కానీ ఒక్కటి అడుగుతాను, గుర్తుంచుకోండి. ఆమె నిజం చెప్పి వాగును కాపాడిందని ఊరికే పొగిడి ముగించెయ్యకండి. వాడు పడిపోయాక, తియ్యమని కేకలు వినబడుతుండగా, ఆ వేలు మీట మీద ఇంకాసేపు ఉంది. ఆ ఇంకాసేపును వదలకుండా చెప్పండి.